ఎంగిలి రసీదులు

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. బ్యాంకులో సంతకం పెట్టినప్పుడు, కోర్టు జవాను గుమ్మంలో నిలబడి అరిచినప్పుడు తప్ప ఆ పేరుతో ఎవరికీ పనిపడదు. వీధి మొత్తానికీ ఆవిడ ఛీ అక్క. ఛీ అక్క లాండ్రీ ఎక్కడని అడిగితే దారినపోయేవాడు కూడా చెయ్యి చాపి చూపిస్తాడు, కాకపోతే ముందు తన చొక్కా ఒకసారి చూసుకుని మరీ చూపిస్తాడు.

మరకలు తియ్యడంలో ఆవిడను మించిన మనిషి భూమ్మీద లేదు. కోతలనుకున్నవాళ్ళు తమ చొక్కా ఒకటి ఇచ్చి చూసుకోవచ్చు. తుప్పు, తారు, సిరా, రక్తం, ఇంజను ఆయిలు, ఏదైనా సరే ఆవిడ బల్లమీదికి వచ్చాక బతికి బట్టకట్టింది లేదు. ఒకసారి ఓ డాక్టరు కోటు ఉతికిస్తే అది ఎంత తెల్లబడిందంటే, ఆయన వార్డులోకి అడుగుపెట్టగానే రోగులంతా తెల్లవారిందనుకుని పళ్ళు తోముకోవడానికి లేచి కూర్చున్నారట. ఆ కోటును ఇప్పటికీ ఆయన గుడ్డసంచిలో పెట్టి తెస్తాడు. ఊరికే వేసుకుని నడిస్తే ఎదురొచ్చే బళ్ళవాళ్ళ కళ్ళు చెదురుతున్నాయని ఫిర్యాదు వచ్చిందంటారు.

పని అంత గొప్పగా చేస్తుంది కానీ చేస్తున్నంతసేపూ తిడుతుంది. కాలరును రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు పట్టి, ఇచ్చినవాడి మొహంలోకి చూసి, "మెడ మీద వ్యవసాయం చేస్తున్నావా నాయనా?" అంటుంది. కర్చీఫు విప్పితే ఇక చెప్పక్కర్లేదు. మనుషులు బయటికి కనపడేదానికన్నా చాలా రోత జీవులని ఆవిడకు రుజువులతో సహా తెలుసు. మర్యాదస్తుడు అన్నం తిన్న చెయ్యి ఎక్కడ తుడుచుకుంటాడో, పెద్దమనిషి జేబు అడుగున ఏం పేరుకుంటుందో, ఘుమఘుమలాడుతూ నడిచే అమ్మగారి జాకెట్టు చంకలు ఏ రంగుకు తిరుగుతాయో చూసిన మనిషి లోకాన్ని చూసి ఛీ అనక ఇంకేమంటుంది.

ఈ జబ్బు చిన్నప్పటిది. ఒక్క గదిలో తొమ్మిదిమంది పెరిగిన ఇల్లు వాళ్ళది. తొమ్మిదిమందికీ కలిపి ఒక తువ్వాలు. ఆఖరుది కాబట్టి ఆవిడ వంతు వచ్చేసరికి ఆ తువ్వాలు ఎనిమిదిమంది మొహాల చెమటతో బరువెక్కి ఉండేది. ఆ తడి మొహానికి తగలడం ఇష్టం లేక, నీళ్ళు కారుతున్న మొహంతోనే బడికి వెళ్ళి ఎండలో నిలబడేది. తనకంటూ ఒక గుమ్మం, తనదంటూ ఒక నీళ్ళగది, అందులో తను తప్ప ఎవరూ ముట్టని ఒక తువ్వాలు ఉండాలని అప్పుడే గట్టిగా అనుకుంది. మనిషి జీవితానికి అంతకుమించిన ఆశయాలు ఉంటాయని ఎవరెవరో చెబుతుంటారు. వాళ్ళందరికీ సొంత తువ్వాళ్ళు ఉండి ఉంటాయి.

పెళ్ళయింది. మొగుడు కరెంటు పనివాడు, మెత్తని మనిషి, స్తంభం ఎక్కితే తప్ప గొంతు పెంచడు. ఇద్దరూ అద్దె ఇళ్ళు మారి మారి అలిసిపోయిన రోజుల్లో తగిలాడు తీపి బాబాయ్.

మాట తీపి కాబట్టి ఆ పేరు. తల్లీ అనకుండా నోరు తెరవడు. ఆ తీపికి ఈగలు ముసరాల్సింది. ఎందుకో ముసిరేవి కావు, ఈగలకు కూడా ఎంతో కొంత బుద్ధి ఉంటుంది. ఆయన ఇంటి కింది వాటా, రెండు గదులూ ముందు వసారా, చాన్నాళ్ళుగా ఖాళీగా పడివుంది. అంతకుముందు అందులో ఎండు చేపల బుట్టలు నిలవచేసేవాళ్ళు. బుట్టలు వెళ్ళిపోయినా వాసన ఖాళీ చెయ్యలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వీధి మలుపులోనే ముక్కు పట్టుకుని వెనక్కి తిరిగేవాళ్ళు.

ఆ ఇంటికి ఛీ అక్క వచ్చిందంటే కారణం ఒకటే. బాబాయ్ ఆవిడకు ఇల్లు అద్దెకు ఇస్తాననలేదు, ఇల్లే ఇస్తానన్నాడు.

"నెలనెలా అద్దె ఇయ్యి తల్లీ. దానిమీద ఇంటి వాటా అని ఇంకో అంత ఇయ్యి. పదేళ్ళు తిరిగేసరికి ఈ కింది ఇల్లు నీ పేర రాసి తాళం నీ చేతిలో పెడతా. నన్ను బాబాయ్ అన్నావు. మనిద్దరి మధ్యా కాగితాలేంటి?"

మొగుడు నసిగాడు. ఏదో ఒక కాగితం ఉంటే బాగుంటుందేమోనని ఆ రాత్రి అన్నంముందు మెల్లగా అన్నాడు. నోరారా బాబాయ్ అని పిలిచి, పెద్దాయన్ని పట్టుకుని కాగితం మీద రాయమని ఏ మొహంతో అడగమంటావని ఆవిడ కసిరింది. కరెంటు పనివాడు అన్నం కలుపుకున్నాడు.

ఇల్లు కడగడం మొదలుపెట్టింది. సోడా, సున్నం, వేడినీళ్ళు, కొబ్బరిపీచు. గోడలు రాకిందో చెక్కిందో చెప్పడం కష్టం. ఆ వాసన మొదట ముందుగదిలోంచి వెనకగదిలోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి, పెరట్లోంచి గోడ దూకి పక్క వీధిలోకి పారిపోయిందని, ఇప్పటికీ ఛీ అక్క అటుగా వెళ్తే అది సందులోకి తప్పుకుంటుందని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకుంటారు. వసారాలో ఇస్త్రీ బల్ల పెట్టింది, పెరట్లో తొట్టెలు కట్టించింది, నీళ్ళగదికి తెల్లరాళ్ళు పరిపించింది. అన్నీ తన ఖర్చే. బాబాయ్ మెట్ల మీంచి చూసి, నీ ఇల్లు నువ్వు బాగుచేసుకుంటున్నావు, నాకు చూడముచ్చటగా ఉంది తల్లీ అనేవాడు.

చిక్కంతా రసీదుల దగ్గర వచ్చింది.

బాబాయ్‌కి ఒక అలవాటు. నోటు లెక్కపెట్టాలన్నా, పేజీ తిప్పాలన్నా, సంచి మూతి విప్పాలన్నా, కనుబొమ మీద లేచిన వెంట్రుకను అణచాలన్నా బొటనవేలు ముందు నాలుక మీదికి వెళ్ళి రావాల్సిందే. మొదటి నెల డబ్బు తీసుకుని, కిందికి రెండు రసీదులు పట్టుకొచ్చాడు. ఒకటి అద్దెకు, ఒకటి ఇంటి వాటాకు. ఆవిడ ఎదురుగా నిలబడి, జేబులోంచి రెండు రెవెన్యూ స్టాంపులు తీసి, నాలుకను గడ్డం దాకా చాపి, ఒక్కో స్టాంపునూ దానిమీద అటునుంచి ఇటు లాగి, రసీదు మీద అంటించి, అంచుల్లోంచి బయటికి ఊరిన తడిని బొటనవేలితో అద్ది, ఆ తడిమీదే సంతకం పెట్టాడు. సిరా అలుక్కుని చుట్టూ పాకింది.

ఛీ అక్క వాటిని చేత్తో ముట్టుకోలేదు. ఆ రెండు రసీదులనూ ఉడుకుబట్టలు తీసే కర్రతో పట్టుకుని బొగ్గుల పొయ్యిలో వేసింది. తరవాత కర్ర కడిగింది. పొయ్యిని కూడా కడిగేదే, మొగుడు అడ్డుపడ్డాడు.

తరవాతి నెల గుమ్మంలోనే ఆపి అడిగింది. "ఆ స్టాంపు కాస్త నీళ్ళతో తడపకూడదా బాబాయ్?"

"నీళ్ళకు రెండు రోజుల్లో ఊడిపోతుంది తల్లీ. దీనికి పట్టెక్కువ."

"అయితే నాకు రసీదులొద్దు."

ఆయన నొచ్చుకున్నాడు. ఆ మరుసటి నెల బంకసీసా కొని, అందులో ముంచి అంటించాను చూడు తల్లీ అంటూ మళ్ళీ రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. వాటిని పట్టుకున్న బొటనవేలు తళతళా తడిగా మెరుస్తోంది. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుంది. మీ మాట చాలు బాబాయ్, పట్టుకెళ్ళండి అంది. బాబాయ్ మొహం కాసేపు ముడుచుకుని, తరవాత ఏదో ఆలోచన తట్టినట్టు మెల్లగా విప్పారింది. మాట చాలన్నావు, మనిషంటే నువ్వు తల్లీ అని, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. ఆ తరవాత మళ్ళీ రసీదు ఊసెత్తలేదు.

ఇల్లు కొంటూ రసీదు వద్దన్న మనుషులు లోకంలో ఉంటారు. భయపడి, మొహమాటపడి, చదువురాక వద్దంటారు. ఎంగిలని వద్దన్నది మాత్రం ఛీ అక్క ఒక్కతే.

పదేళ్ళు గడిచాయి. ఒక్క నెల తప్పలేదు. ఇల్లు రాసివ్వమని అడిగితే చూద్దాం తల్లీ అన్నాడు. మళ్ళీ అడిగితే మంచిరోజు చూద్దామన్నాడు. ఏడాదంతా గాలిస్తే మంచిరోజు ఒకటీ దొరకలేదాయనకు. ఈలోగా వీధి చివర పెద్ద రోడ్డు పడింది, ఇళ్ళ ధరలు పైకి లేచాయి. ఓ మధ్యాహ్నం రిజిస్టరు పోస్టులో ప్లీడరు నోటీసు దిగింది. మీరు నెలవారీ అద్దెకున్నవారు, మా అవసరానికి ఇల్లు కావాలి, ఖాళీ చెయ్యండి.

ఛీ అక్క చేతిలో కాగితంతో మెట్లెక్కింది. బాబాయ్ వాలుకుర్చీలో ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి" అన్నాడు.

పదేళ్ళ పాటు ఒసేయ్ తల్లీ అన్న నోటితో మీరు అన్నాడు. నోటీసు చదివినప్పుడు ఇంకా ఎక్కడో చిన్న ఆశ ఉండింది ఆవిడకు. ఆ మర్యాదతో అది కాస్తా పోయింది. కూర్చోలేదు. ఇంటి వాటా అని ఇచ్చినదంతా ఏమయిందని అడిగింది. ఏ వాటా అండీ, అద్దె పెంచాను, మీరు ఇచ్చారు, అంతేకదా అన్నాడు, కనుబొమ తడుపుకుంటూ.

కోర్టుకెక్కారు.

ఛీ అక్క తరఫు ప్లీడరుగారి కోటు చంకల్లో ఉప్పు గీతలుండేవి. ఆయన మాట్లాడుతుంటే ఆవిడ ఆ గీతలు చూసేది, ఆయన చెప్పింది సగం చెవికెక్కేది కాదు. రసీదులేవని ఆయన అడిగాడు. ఉన్న సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇది బయట అనకండి. చెదలు తిన్నాయని చెప్పండి. చెదలకు ఎవరూ సమన్లు పంపరు."

"నా ఇంట్లో చెదలా?" అంది ఛీ అక్క.

ఆయన ఎంత నచ్చచెప్పినా ఆ మాట తన నోట రాదంది. పోనీ అని ఇంకో దారి చూపించాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని ఒకడు పళ్ళు కుట్టుకుంటూ నిలబడి ఉంటాడు, ఎవరి కేసులో కావాలంటే వాళ్ళ కేసులో చూశాను, విన్నాను అని చెబుతాడు. బాబాయ్ మాటిచ్చినప్పుడు తను అక్కడే ఉన్నానని చెప్పడానికి అతను సిద్ధం. ఛీ అక్క అతని దగ్గరికి వెళ్ళింది, వెనకనుంచి కాలరు చూసింది, తిరిగి వచ్చింది. ఆ మెడ నా వైపు నిలబడటానికి వీల్లేదని ప్లీడరుతో ఖరాకండీగా చెప్పేసింది. ధర్మం గిర్మం ఆవిడ బుర్రలోకి రాలేదు, జిడ్డు ఒక్కటే వచ్చింది.

కోర్టు వరండా గురించి చెప్పాలంటే అన్నానికి ముందు చెప్పకూడదు. మూలమూలనా ఉమ్మిన మరకలు, ఒకదానిమీద ఒకటి, పాత గోడకు కొత్త రంగు వేసినట్టు. తాగేనీళ్ళ కుళాయి కింద పాచి. పక్కనే మరుగుదొడ్డి, తలుపు సగం ఊడి. బెంచీ మీద కాగితం పరుచుకుని కూర్చునేది ఆవిడ. న్యాయం దొరికే చోటే ఇలా ఉంటే దొరికిన న్యాయాన్ని ఏ చేత్తో పట్టుకోవాలని మొగుణ్ణి అడిగింది. కరెంటు పనివాడు పైన వేలాడుతున్న తీగ చూస్తూ, ఇది ముట్టుకుంటే ఏ న్యాయమూ అక్కర్లేదన్నాడు.

ఆ బెంచీ మీదే పరిచయమయ్యాడు కాజాలతను. దర్జీ దుకాణాలకు కాజాలు కుట్టి, గుండీలు వేసిచ్చే మనిషి. బక్కగా, శుభ్రంగా ఉండేవాడు, గోళ్ళు తెల్లగా ఉండేవి. అతనిదీ బాబాయ్ మీద కేసే. పక్క వీధిలో బాబాయ్‌కి ఇంకో ఇల్లుంది, అదే మాట, అదే వాటా, అదే నోటీసు. రసీదులు ఇతను అడిగాడట, ఇదుగో అదుగో అంటూనే బాబాయ్ ఏళ్ళు దాటించాడు. వాయిదా వాయిదాకూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఆవిడకోసం అతను ముందే వచ్చి బెంచీ తుడిచి ఉంచేవాడు. ఛీ అక్క పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషిని చూసి మొహం చిట్లించకుండా ఉన్నది బహుశా అతని దగ్గరే.

"మీ కేసు గెలిస్తే నాదీ గెలిచినట్టే అక్కా. మీరు వచ్చి నాలుగు ముక్కలు చెబితే చాలు" అనేవాడు.

ఎందుకు చెప్పను తమ్ముడూ అనేది.

ఆవిడ బోనెక్కిన రోజు రానే వచ్చింది. బాబాయ్ తరఫు ప్లీడరు చేతులు వెనక్కి పెట్టుకుని, పదేళ్ళు ఇంటి సొమ్ము కట్టానంటున్నారు, ఒక్క రసీదైనా ఎందుకు తీసుకోలేదని అడిగాడు.

"ఆయన స్టాంపు నాకి అంటిస్తాడండీ. నాకు అసహ్యం."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అంతా నవ్వారు. జవాను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. జడ్జిగారు నవ్వలేదు కానీ నీళ్ళు తాగడానికి చాలాసేపు పట్టింది. సాక్షి అసహ్యం కారణంగా రసీదులు స్వీకరించలేదు అని టైపు చేయించాడు. ప్లీడరు ఆ నవ్వులమీదే తేలుతూ, ఎంగిలికి జడిసి ఇల్లు వదులుకునే మనిషి లోకంలో ఉండదు, కాబట్టి ఇల్లు కొన్న మాటే అబద్ధమని తేల్చేశాడు. ఛీ అక్క కిందికి దిగి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఇల్లు పోయిందన్నాడు ఆవిడ ప్లీడరు. తెల్లరాళ్ళ నీళ్ళగది ఆవిడ కళ్ళముందు కదిలింది.

అయితే నవ్వు ఒక్కవైపే తగిలే సరుకు కాదు. అది కోర్టు గుమ్మం దాటి టీ కొట్టుకు, టీ కొట్టునుంచి బాబాయ్ వీధికి నడిచివెళ్ళింది. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో తప్ప బయటికి రాని మనిషి, నలుగురిలో పెద్దరికం ఒలకబోసే మనిషి, ఆయన్ని చూసి కుర్రకారు నాలుకలు బయటపెట్టడం మొదలుపెట్టారు. పోస్టాఫీసులో గుమాస్తా స్టాంపులిస్తూ, ఇక్కడే అంటిస్తారా, ఇంటికెళ్ళి ఆరగిస్తారా అని అడిగాడట. ఇల్లు పోయినా అంత బాధపడేవాడు కాదేమో. తర్వాతి వాయిదాకు బాబాయ్ బోనెక్కేటప్పటికి ఆయన దృష్టిలో అది ఇంటి కేసు కాదు, శుభ్రం కేసు.

ఛీ అక్క ప్లీడరుకు అడగడానికి ఏమీ మిగల్లేదు. ఏదో అడగాలి కాబట్టి, మీరు స్టాంపులు నాలుకతో తడుపుతారా అన్నాడు.

"ఎప్పుడో తడిపాను. ఈవిడ పట్టింపు తెలిశాక మానేశానండీ. బంకసీసా నా డబ్బుతో కొన్నాను. రెండు రసీదులూ బంకతోనే అంటించి కిందికి పట్టుకెళ్ళాను. ఈవిడే ముట్టుకోలేదు. మరి శుభ్రం లేనివాణ్ణి నేనా?"

"రెండెందుకండీ?"

"అద్దెకొకటీ, ఇంటి వాటాకొకటీ."

టైపు చేస్తున్న అమ్మాయి వేళ్ళు ఆగలేదు, ఆ మాట చివరిదాకా కొట్టేశాయి. అప్పుడు కరుచుకున్నాడు బాబాయ్ నాలుక. పుట్టినప్పటినుంచీ ఆ నాలుక చేసిన మంచి పని అదొక్కటే.

మధ్యాహ్నానికల్లా రాజీ కబురు వచ్చింది. రెండు వైపుల ప్లీడర్లూ మరుగుదొడ్డి పక్కన నిలబడి గుసగుసలాడుకుని, నవ్వుకుంటూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. పొద్దున ఒకర్నొకరు కొరుక్కుతినేట్టు అరుచుకున్నది వీళ్ళేనా అని ఛీ అక్క చూస్తోంది. ఆవిడ ప్లీడరు వచ్చి కాగితం చదివాడు. బాబాయ్ ఇల్లు రాసిస్తాడు. ఎవరి ఖర్చులు వాళ్ళవి. చివర ఒక షరతు. ఈ ఏర్పాటు గురించి ఆవిడ ఏ కోర్టులోనూ, ఏ మనిషి దగ్గరా మంచిగా తప్ప మాట్లాడకూడదు. మాట్లాడితే ఇంటి ఖరీదంతా జరిమానాగా కట్టాలి.

ఆవిడకు వెంటనే అర్థమైంది. "అంటే ఆ తమ్ముడి కేసులో చెప్పకూడదనా?"

"అతనికి ప్లీడరు వేరే ఉన్నాడమ్మా."

"అతనికి నా మాటే ఆధారం అండీ."

ప్లీడరు కాగితం మడిచి, జేబులో పెట్టబోతున్నట్టు పట్టుకున్నాడు. "మీకు ఇల్లు కావాలా, తమ్ముడు కావాలా?"

మొగుడు పైనున్న తీగవైపే చూస్తున్నాడు. బెంచీ మీద కాజాలతని సంచి ఉంది, అతను లేడు. బాబాయ్ నోరుజారిన సంబరంలో వాళ్ళిద్దరికీ కూడా టీ తెస్తానని వెళ్ళాడు.

"ఇల్లు" అంది ఛీ అక్క.

సంతకం పెట్టి కలం తిరిగి ఇచ్చేలోగానే అతను వచ్చాడు, మూడు గ్లాసులు ఒకే చేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని. వేళ్ళు గ్లాసుల లోపలికి మునిగి ఉన్నాయి. వేడికి ఓర్చుకుంటూ నవ్వుతున్నాడు. బయటి గ్లాసులో నీళ్ళయినా తాగని మనిషి ఆ టీ పూర్తిగా తాగింది. చల్లారిపోతుందేమో అన్నట్టు గటగటా తాగి, గ్లాసు అతని చేతికే ఇచ్చింది.

ఇల్లు ఆవిడ పేర అయింది. రిజిస్ట్రారు ఆఫీసులో బాబాయ్ మళ్ళీ తల్లీ అన్నాడు. పోనీలే తల్లీ, గతం గతః, మనం మనం ఒకటి అన్నాడు. పైవాటా ఆయనదే, కాబట్టి ఆయనా అక్కడే ఉంటాడు, ఆయన చొక్కాలూ ఇక్కడికే వస్తాయి. ఉతకనని చెప్పడానికి షరతులో వీలుందా లేదా అని ప్లీడరును అడగబోయి, ఆయన ఫీజు గుర్తొచ్చి ఊరుకుంది.

కొన్నాళ్ళకు కాజాలతను వచ్చాడు. రాజీ సంగతి అతనికి తెలిసింది కానీ షరతు సంగతి తెలీదు. రాజీపడ్డ కేసులో మాటలు తనకు పనికిరావట, మనిషి వచ్చి చెబితేనే జడ్జి వింటాడట. వాయిదా దగ్గరపడింది. ఇస్త్రీ బల్ల అవతల నిలబడి చెప్పాడు ఇదంతా. ఛీ అక్క పెట్టె కిందికీ పైకీ నడుపుతూనే ఉంది.

"నాలుగు ముక్కలు కూడా వద్దక్కా. రెండు రసీదులని ఆయనన్నాడు కదా. అదొక్కటి చెప్పండి."

"ఆరోజు నాకు సరిగా వినపడలేదు తమ్ముడూ."

"మీరు బోనుకు రెండడుగుల్లో ఉన్నారక్కా."

ఆవిడ పెట్టెలో బొగ్గులు కదిపింది. అతను గోడలవైపు, తెల్లరాళ్ళ గదివైపు, తాడుమీద ఒక్కటే ఆరుతున్న తువ్వాలువైపు చూశాడు. ఇల్లు బాగుందక్కా, చాలా కష్టపడ్డారు అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. అతను వెళ్ళాక మొగుడు వచ్చి, మనం చేసిందేముంది, కాగితం అలా ఉందిగా అన్నాడు. ఆవిడ అతని మొహంలోకి, ఏళ్ళ తరబడి మెత్తగా నవ్వుతున్న ఆ మొహంలోకి, కర్చీఫు విప్పి చూసినట్టు చూసింది. అక్కడ కనపడింది తన మొహమేనని తెలిసి చూపు తిప్పుకుంది.

కాజాలతను ఓడిపోయాడు. సామాను తోపుడుబండి మీద వేసుకుని ఈ వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడని ఎవరో చెప్పారు. ఎటు వెళ్ళాడో ఎవరూ చెప్పలేదు.

ఆ వర్షాకాలం పోయాక ఒక కొత్త జంట వసారా ముందు ఆగింది. అబ్బాయి బేకరీలో పనిచేస్తాడట. అమ్మాయి కడుపుతో ఉంది, చెమటలు పట్టి, చున్నీతో మొహం తుడుచుకుంటోంది. బట్టలు తేలేదు.

"పైనున్న బాబాయ్‌గారు మిమ్మల్ని అడగమన్నారక్కా" అంది అమ్మాయి. "పక్క వీధిలో ఇల్లు ఖాళీగా ఉందంట కదా. అద్దె ఇస్తూ, వాటా ఇస్తూ ఉంటే పదేళ్ళకు మా పేర రాస్తానన్నారు. కాగితం లేకుండా ఎలాగా అని ఈయన భయపడుతున్నాడు. మీకు కూడా అలాగే ఇచ్చానని, కావాలంటే వెళ్ళి కనుక్కోమని చెప్పారు."

ఛీ అక్క చేతిలో ఎవరిదో కాలరు ఉంది, నురగలో సగం మునిగి. మెట్లమీద చొక్కా అంచు ఒకటి కనపడుతోంది, కిందికి దిగకుండా, పైకి వెళ్ళకుండా. అబద్ధం చెప్పమని అడగలేదు ఎవరూ. రాజీ కాగితం కూడా మంచిగా చెప్పమనే అంది.

"నిజంగా ఇచ్చారా అక్కా?" అన్నాడు అబ్బాయి.

"ఇచ్చాడు" అంది.

"మీలాంటివాళ్ళు చెబితే ధైర్యం" అంది అమ్మాయి. వంగి చెప్పులు విప్పబోయి, కడుపు అడ్డం వచ్చి, మొగుడి భుజం పట్టుకుని నవ్వింది. ఇద్దరూ మెట్లెక్కారు. రా తల్లీ, రా, కూర్చో అన్న గొంతు, కుర్చీ లాగిన చప్పుడు కింది వసారాలోకి స్పష్టంగా వినపడ్డాయి. ఛీ అక్క కాలరును నురగలోంచి తీసి, బల్లమీద పరిచి, బ్రష్షు అందుకుంది.